ముప్పై ఎనిమిది నిమిషాలు

పంపుహౌస్ క్వార్టర్లు, మేడ మీది వాటా
ఫిబ్రవరి 4

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను ఉండగా అక్క ఉత్తరం రాసిందేమిటి అనుకుంటావు. ఫోనులో నీతో మాట్లాడి నెగ్గినవాళ్ళు మన ఇంట్లో ఎవరూ లేరు. నేను ఒకటి అడిగితే నువ్వు బావ మోకాలి నొప్పి ఎలా ఉందంటావు, ఆయన ఫోను లాక్కుని పావుగంట దాని కథే చెబుతాడు, ఈలోగా నేను అడగాల్సింది మర్చిపోతాను. కాగితం మీద ఆ బాధ ఉండదు.

పది రోజులుగా నన్ను డ్యూటీకి రావద్దన్నారు. నా మీద విచారణ జరుగుతోంది. మా పంపుహౌసు కంట్రోల్ రూంలో అలారాలూ, బటన్లూ టైముతో సహా రాసుకునే మిషను పెట్టింది మీ సంస్థ, వచ్చి బిగించింది నువ్వు. అందుకని నిన్నే అడుగుతున్నాను.

కిందటి నెల ఇరవై మూడున పొద్దున పది దాటాక కరెంటు పోయింది. మా అలవాటు నీకు తెలుసు. పంపులు ఎలాగూ ఆగిపోతాయి కాబట్టి, కరెంటు లేనప్పుడే ఫిట్టరు క్లోరిన్ గదిలోకి వెళ్ళి ఖాళీ సిలిండరు తీసి నిండుది బిగిస్తాడు. రూల్సులో ఎక్కడా లేదు గానీ పంతొమ్మిదేళ్ళుగా అలాగే చేస్తున్నాం. ఆ రోజూ వెళ్ళాడు. కాసేపటికి కరెంటు వచ్చింది. మిషను లేచింది. లేచీ లేవగానే గ్యాసు అలారం మోగింది. నేను కిటికీ అద్దం దగ్గరికి పరిగెత్తి చూస్తే ఆయన నేల మీద పడి ఉన్నాడు. వెనక్కి వచ్చి వాల్వు మూసే బటన్ నొక్కాను. మాస్కు తగిలించుకుని వెళ్ళి, చంకల కింద చేతులేసి బయటికి లాగాను. అలారం మోగిన దగ్గర్నుంచి బటన్ నొక్కేదాకా రెండు నిమిషాలు, మహా అయితే మూడు.

మిషను అచ్చేసిన కాగితంలో ఏముందో తెలుసా? అలారం మోగినది 10:03. బటన్ నొక్కినది 10:41. ముప్పై ఎనిమిది నిమిషాలు కుర్చీలో కూర్చుని ఏం చేశావమ్మా అని విచారణకి వచ్చిన ఇంజినీరు అడుగుతున్నాడు.

కరెంటు పోయింది 10:02కి, వచ్చింది 10:38కి. సబ్‌స్టేషన్ వాళ్ళ కాగితం కూడా అదే చెబుతోంది. అలారం కరెంటు వచ్చాకే మోగిందని చెప్పాను. గ్యాసు అలారానికి సొంత బ్యాటరీ ఉంది, కరెంటుతో దానికి పనిలేదు అన్నాడు. అది నిజమే. కానీ మిషను ఆగిపోయి ఉంది కదా సార్, దాని బ్యాటరీ చచ్చి పది నెలలైంది అన్నాను. దానికి ఆయన, ఆగిపోయిన మిషను 10:03 అని ఎలా రాసింది అన్నాడు.  బ్యాటరీ సంగతి కూడా నోటితో చెప్పానే గానీ ఎవరికీ రాసివ్వలేదు.

ఫిట్టరు ప్రాణాలకి ఇబ్బంది లేదు. మొన్న ఇంటికి పంపారు. ఆయనకి కరెంటు పోవడం వరకే గుర్తుంది, ఆ తర్వాత ఏమీ గుర్తులేదు. ఎవరో ఆ కాగితం చూపించారు. అంతకుముందు ఆస్పత్రికి వెళితే నన్ను చూసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇన్నేళ్ళూ నన్ను చెల్లెమ్మా అని పిలిచిన మనిషి. ఉద్యోగం పోతే ఏదో ఒకటి చేసుకోవచ్చు. తను పడిపోయి ఉంటే నేను చూస్తూ కూర్చున్నానని ఆయన అనుకోవడం మాత్రం నేను భరించలేకపోతున్నాను.

నేను అడిగేది ఒక్కటే. ఆగి ఉన్న మిషను 10:03 అని ఎలా రాస్తుంది?

అక్క



సంస్థ హాస్టలు, పదకొండో గది
ఫిబ్రవరి 9

అక్కా,

ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. ఇలాంటి విచారణలు చివరికి తేలిపోతాయి, నువ్వు బెంగపెట్టుకోకు.

అడిగావు కాబట్టి వివరంగా రాస్తున్నాను. మీ గోడ గడియారంలో సెల్లు ఉంటుంది, కరెంటుతో దానికి సంబంధం లేదు. మా మిషన్లలో ఆ సెల్లు లేదు. చవక రకం బోర్డులు. ఇవి నడుస్తున్నంతసేపూ టైము ఎంతయిందో నిమిషానికోసారి లోపల రాసిపెట్టుకుంటాయి. ఆగిపోయి మళ్ళీ లేస్తే, ఆ చివరిసారి రాసుకున్న టైముతోనే మొదలుపెడతాయి. అందుకే లేవగానే నెట్‌వర్క్ మీద టైము సర్వర్లని అడుగుతాయి. ఒక్కదాన్ని నమ్మవు. నాలుగింటిని అడిగి, ఎక్కువమంది ఒకే మాట చెబితే దానికి తమ గడియారాన్ని సర్దుకుంటాయి. కరెంటు వచ్చాక నెట్ పెట్టె లేవాలి, లైను కలవాలి, జవాబు రావాలి. రెండు మూడు నిమిషాలు పడుతుంది.

ఆ జవాబు వచ్చేదాకా మిషను ఒక్క అక్షరం కూడా రాయదు. తెర మీద 'సమయం కోసం వేచి ఉంది' అని మాత్రం కనిపిస్తుంది. ఆ ఏర్పాటు చేసింది నేనే. కాబట్టి తప్పు టైముతో లైను పడే వీలు లేదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉండకపోవచ్చు, కొన ఊపిరితో ఉండి మిషను నడిచి ఉండొచ్చు.

ఏమీ అనుకోకపోతే ఒక మాట. కంగారులో ఉన్నప్పుడు మనకి నిమిషాల లెక్క తెలియదు. ఎవరికైనా అంతే. కాస్త ఆలస్యమైంది, భయంతో కాళ్ళూ చేతులూ ఆడలేదు అని ఒప్పుకుంటే చిన్న మందలింపుతో పోతుందేమో ఆలోచించు.

నాకు ఇక్కడ ఊపిరి సలపడం లేదు. ఇవే మిషన్లు ఇంకో ముప్పై రెండు పంపుహౌసుల్లో పెట్టబోతున్నారు. ఆ పనంతా నా చేతిలో పెడతామని మా సంస్థ పెద్దాయన అన్నాడు. ఇంకా ఆర్డరు కాగితం చేతికి రాలేదు, ఎవరికీ చెప్పకు.

బావ మోకాలు ఎలా ఉంది?

తమ్ముడు



పంపుహౌస్ క్వార్టర్లు
ఫిబ్రవరి 15

తమ్ముడికి,

బావ మోకాలు బాగానే ఉంది. కాగితం మీద కూడా అదే అడిగావు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కాళ్ళూ చేతులూ ఆడలేదని రాసివ్వమన్నావు. డెబ్భై కిలోల మనిషిని ఈ చేతులతోనే గుమ్మం దాటించి ఇరవై అడుగులు లాగాను. నడుం ఇంకా సరిగ్గా వంగడం లేదు. ఆ సలహా ఇంకెవరికైనా ఇవ్వు.

నిన్న ఫిట్టరు ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు సగమే తీసింది. నేను తెచ్చిన పళ్ళు తీసుకోలేదు. లోపల ఆయన దగ్గుతున్నాడు, నాకు వినిపిస్తూనే ఉంది. ఆవిడ లోపలికి వెళ్ళి వచ్చి, "ఆయన ఒకటే అడగమన్నారు. అంతసేపు ఏం చేశారు?" అంది. ఆవిడ అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. మామూలుగా, పాలవాడు వచ్చాడా అన్నట్టు అడిగింది. ఆ పళ్ళ సంచీతోనే మెట్లు దిగి వచ్చేశాను. వీధి మలుపు దాకా వచ్చాక ఏడుపొచ్చింది.

ఇప్పుడు నీ ఉత్తరంలో సంగతి. 'సమయం కోసం వేచి ఉంది' అన్న మాట తెర మీద నేను చూసి ఎనిమిది నెలలైంది.

కిందటి వానాకాలంలో నువ్వు సెలవు మీద వచ్చావు. నాకు టిఫిన్ క్యారేజీ ఇద్దామని కంట్రోల్ రూంకి వచ్చావు. నేనే సణిగాను. కరెంటు వచ్చిన ప్రతిసారీ నాలుగేసి నిమిషాలు తెర మొద్దులా కూర్చుంటోందిరా, ఈలోగా మీటర్లన్నీ తిరిగి చేత్తో రాసుకోలేక చస్తున్నాం అన్నాను. నువ్వు ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని రెండో చేత్తో ఏదో కొట్టావు. టీ చల్లారేలోగా అయిపోయింది. ఆ రోజు నుంచీ కరెంటు రాగానే తెర వస్తోంది. మా షిఫ్టువాళ్ళందరూ మీ తమ్ముడు బంగారం అన్నారు. నేనూ పొంగిపోయాను.

ఆ రోజు ఏం చేశావు?

మోకాలి సంగతీ, పెద్దాయన సంగతీ వద్దు. దీనికే జవాబు రాయి.

అక్క



సంస్థ హాస్టలు
ఫిబ్రవరి 20

అక్కా,

ఉత్తరం అందింది. నాలుగు రోజులుగా గుక్కతిప్పుకోకుండా పని. ఇప్పుడు వివరంగా రాసే తీరిక లేదు. విచారణకి ఇంకో నెల గడువు అడుగు, ఆరోగ్యం బాగాలేదంటే ఇస్తారు. అప్పటికి నాకు కాగితం వచ్చేస్తుంది, తర్వాత నిదానంగా మాట్లాడుకుందాం.

తమ్ముడు



పంపుహౌస్ క్వార్టర్లు
ఫిబ్రవరి 24

తమ్ముడికి,

నా ఆరోగ్యం బాగానే ఉంది. విచారణ మార్చి పద్నాలుగున. గడువు అడగను.

అక్క



సంస్థ హాస్టలు, పదకొండో గది
మార్చి 2

అక్కా,

మూడు కాగితాలు రాసి చింపేశాక ఇది రాస్తున్నాను.

నువ్వు అనుకున్నదే నిజం. ఆ రోజు టీ తాగుతూ నేను తీసేసింది ఆ వేచి ఉండే మెట్టునే. టైము సర్వర్ల జవాబు కోసం ఆగకుండా, లేవగానే పని మొదలుపెట్టమని మిషనుకి చెప్పాను. టైము జవాబు వచ్చినప్పుడు వస్తుంది, ఈలోగా పడే నాలుగు లైన్లు ఎవరు చూస్తారులే అనుకున్నాను.

జనవరి ఇరవై మూడున జరిగింది ఇది. 10:02కి మిషను ఆగిపోయింది. 10:38కి కరెంటు వచ్చింది. లేవడానికి ఒక నిమిషం పట్టింది. లేచాక దానికి తెలిసిన టైము 10:02. ఆ మధ్యలో ముప్పై ఆరు నిమిషాలు గడిచాయని దానికి తెలియదు. అప్పుడు అలారం మోగింది, 10:03 అని రాసుకుంది. అసలు టైము 10:39. ఇంకో నిమిషానికి సర్వర్ల జవాబు వచ్చింది, గడియారం ఒక్కసారిగా ముందుకి దూకింది. నువ్వు బటన్ నొక్కేసరికి అది సరైన టైములో ఉంది. అందుకే 10:41. నీకు పట్టింది రెండు నిమిషాలే.

నీ మొదటి ఉత్తరం చదవగానే నాకు ఇదంతా తట్టింది. రెండో పేజీ తిప్పకముందే తట్టింది. అయినా బ్యాటరీ కొన ఊపిరి అనీ, నీ కంగారు అనీ రాశాను. ఎందుకు రాశానో నీకు తెలుసు. ఆ ముప్పై రెండు పంపుహౌసుల పని.

ఇంకో సంగతి కూడా ఉంది. మీ దగ్గర చేసిన మార్పు బాగుందని, తర్వాత ఆరు చోట్ల బిగించిన మిషన్లలో కూడా అదే పెట్టాను. మన మిషన్లు ఎంత త్వరగా లేస్తున్నాయో చూడండని మీటింగులో పెద్దాయన నన్ను మెచ్చుకున్నాడు. అది ఎలా జరిగిందో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మార్పుల రిజిస్టరులో కూడా రాయలేదు.

అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. నెల రోజులు ఆగితే నాకు కాగితం వస్తుంది, ఆ తర్వాత ఏదో ఒక దారిలో నేనే సర్దుతాను. మిషనులో లోపం దొరికిందని సంస్థ తరఫునే ఒక ముక్క రాయిస్తాను. నా పేరు రాకుండా నీకు న్యాయం జరిగే దారి చూస్తాను. నేను చేసింది నీ కోసమే కదా.

తమ్ముడు



పంపుహౌస్ క్వార్టర్లు
మార్చి 6

తమ్ముడికి,

నీ ఉత్తరం చింపలేదు. ఇందులోనే పెట్టి నీకే తిప్పి పంపుతున్నాను. నకలు తీయించుకోలేదు. మీ బావ తీయించమని రెండు రోజులు పోరాడాడు. అది విచారణలో పెడితే ఒక్క పూటలో నా మీద మచ్చ పోతుందని నాకు తెలియక కాదు. కానీ నువ్వు నమ్మి రాసిన కాగితం పట్టుకెళ్ళి నీ మీదే పెట్టలేను. చెప్పడమంటూ జరిగితే నీ నోటితోనే జరగాలి.

నువ్వు చేసింది నా కోసమే అన్నావు. మా తెర కోసం చేశావు, ఒప్పుకుంటాను. ఆ ఆరు చోట్ల నీకు అక్కలెవరూ లేరు.

నా తప్పు నేను చెబుతాను. తెర త్వరగా రావాలని నేనే అడిగాను, రాసి అడగలేదు. బ్యాటరీ చచ్చిందని రాసివ్వలేదు. కరెంటు లేనప్పుడు సిలిండరు మార్చడం తప్పని తెలిసీ ఆ పద్ధతి సాగనిచ్చాను. పద్నాలుగున ఈ మూడూ చెబుతాను. నీ పేరు చెప్పను. ఎవరిని అడిగావమ్మా అంటే ఊరుకుంటాను. ఊరుకుంటే వాళ్ళు ఏమనుకుంటారో అనుకోనీ.

నీ మీద కోపంగా ఉంది. చిన్నప్పుడు నీ దెబ్బలు నేను తినేదాన్ని, అప్పుడు కూడా ఇంత కోపం రాలేదు. నా మొదటి ఉత్తరంలో ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడని రాశాను కదా. అది చదివాక కూడా నువ్వు బ్యాటరీ కథ రాయగలిగావు. నాకు మింగుడుపడనిది అదే.

ఆ ఆరు చోట్లా కరెంటు పోతుంది, వస్తుంది. అక్కడా సిలిండర్లు మారుస్తారు. నేను చెప్పాల్సింది ఇంతే.

అక్క



సంస్థ హాస్టలు
మార్చి 10

విచారణ అధికారి గారికి,

నేను నీటి పంపుహౌసులో కంట్రోల్ మిషను బిగించిన సాంకేతిక ఉద్యోగిని. ఆ పంపుహౌసు ఆపరేటరు నాకు స్వయానా అక్క. ఈ సంబంధం ముందే చెబుతున్నాను, నా మాట నమ్మకండి, మిషనును చూడండి.

దాదాపు తొమ్మిది నెలల క్రితం నేను ఆ మిషనులో ఒక మార్పు చేశాను. మొదలయ్యేటప్పుడు అది టైము సర్వర్ల జవాబు వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే సంఘటనలు రాసుకోవాలి. నేను ఆ ఆగడాన్ని తీసేశాను. పై అధికారుల అనుమతి తీసుకోలేదు. రిజిస్టరులో రాయలేదు.

అందువల్ల జనవరి 23న అలారం లైను పాత టైముతో, బటన్ లైను సరైన టైముతో పడ్డాయి. దీనికి రుజువు మీ దగ్గరున్న కాగితంలో దొరకదు, అందులో అలారం, బటన్ లైన్లు మాత్రమే అచ్చవుతాయి. మిషను లోపల మరో చిట్టా ఉంటుంది. అందులో ఆ రోజు మిషను మళ్ళీ లేచిన లైను, గడియారం ముప్పై ఆరు నిమిషాలు ముందుకి జరిగిన లైను ఉంటాయి. అలారం లైను ఆ రెంటికీ మధ్య పడింది. మరో సంస్థ మనిషితో తీయించి చూడమని మనవి. మీ అనుమానం తీరకపోతే ఆ మిషనునే కాసేపు ఆపి మళ్ళీ లేపి చూడవచ్చు.

ఇదే మార్పు మరో ఆరు పంపుహౌసుల్లో ఉంది. వాటి జాబితా జతచేశాను. వాటిని వెంటనే సరిచేయించాలి.

ఆపరేటరుకి బటన్ నొక్కడానికి పట్టిన సమయం రెండు నిమిషాలు. ఆమె మొదటిసారి నన్ను అడిగినప్పుడు నాకు నిజం తెలుసు. తెలిసీ ఆమెకి తప్పు చెప్పాను. ఇది విచారణకి అవసరం లేకపోవచ్చు. అయినా రాస్తున్నాను.

ఈ ఉత్తరం నకలు మా సంస్థకి కూడా పంపుతున్నాను.

సాంకేతిక ఉద్యోగి



పంపుహౌస్ క్వార్టర్లు, మేడ మీది వాటా
మార్చి 27

ఒరేయ్,

విచారణ నాడు ఇంజినీరు నీ ఉత్తరం బయటికి తీసి అందరి ముందూ చదివించాడు. చదివినది గుమాస్తా. గొంతు ఎత్తకుండా, దించకుండా, సామాన్ల జాబితా చదివినట్టు చదివాడు. చివరి ముక్క దగ్గర మాత్రం కాస్త ఆగి నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూస్తూ కూర్చున్నాను.

వారంలో వేరే సంస్థ మనిషి వచ్చి లోపలి చిట్టా తీశాడు. నువ్వు చెప్పినట్టే మూడు లైన్లూ వరసలో ఉన్నాయి. మిషనుని ముప్పావుగంట ఆపి మళ్ళీ లేపి కూడా చూపించాడు. గోడ గడియారం పన్నెండు దాటిందంటుంటే తెర పదకొండుంబావు అంటోంది. ఇంజినీరు రెండిటినీ మార్చి మార్చి చూసి, "ఇన్నాళ్ళూ దీన్ని చూసే జీతాలు కోశామా" అన్నాడు.

నన్ను సోమవారం నుంచి డ్యూటీకి రమ్మన్నారు. బ్యాటరీకీ, సిలిండరు పద్ధతికీ నాకో మందలింపు కాగితం ఇచ్చారు. న్యాయమే. కరెంటు లేనప్పుడు ఆ గది తాళం తీయకూడదని కొత్త బోర్డు రాయించారు.

ముప్పై రెండు పంపుహౌసుల పని వేరే ఎవరికో ఇచ్చారని నువ్వు బావకి ఫోనులో చెప్పావట. ఉద్యోగం ఉంచి కింది మెట్టుకి దింపారట. నాకు చెప్పలేదేం? నేను సంతోషిస్తాననుకున్నావా? అది విన్న రోజు నేను అన్నం తినలేదు. నువ్వు ఆ పని ఎంత కోరుకున్నావో నాకు తెలుసు. నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు, అది కూడా నిజమే. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఏం చెయ్యను.

నిన్న విచారణ కాగితం పట్టుకుని ఫిట్టరు ఇంటికి వెళ్ళాను. కబురు ముందే అందినట్టుంది, ఆవిడ తలుపు పూర్తిగా తీసింది. ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. సగం చిక్కిపోయాడు. కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని వేలితో ఒక్కొక్క లైనూ చదివాడు. అయ్యాక దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రెండే నిమిషాలా?" అన్నాడు.

"రెండే అన్నా."

"ముప్పై ఎనిమిది నిమిషాలు ఆ గ్యాసు పీల్చి బతికిన మొండిఘటాన్నని వీధంతా చెప్పుకున్నాను కదమ్మా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరగను?"

నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ నీళ్ళు తెచ్చి వీపు రాసింది. అదెప్పటికీ పూర్తిగా తగ్గదని డాక్టరు చెప్పాడట. మళ్ళీ సిలిండర్ల పనికి పంపరు, స్టోర్స్‌లో కూర్చోబెడతారు.

తర్వాత నన్ను కూర్చోమన్నాడు. "చెల్లెమ్మా, రెండు నెలలు పొద్దున లేచిన దగ్గర్నుంచీ నిన్ను తిట్టుకున్నాను. పేరు పెట్టి తిట్టుకున్నాను. అవి నీకు తగలాల్సినవి కావని ఇప్పుడు తెలిసింది. మరి అవన్నీ ఎవరికి పంపను?"

మామూలుగానే అడిగాడు.  చేసింది మా తమ్ముడే అన్నాను. తెలుసు, కాగితంలో చదివాను అన్నాడు. లోపలికి వెళ్ళి ఒక నోటు పుస్తకం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు. చిరునామా రాయమన్నాడు.

రాసిచ్చాను. హాస్టలు, పదకొండో గది అని విడమరిచి రాశాను.

ఆయన ఉత్తరం వస్తుంది. ఏం రాస్తాడో నాకు తెలియదు, నేను అడగలేదు. ఈసారి నీకూ ఆయనకీ మధ్య నేను లేను. నువ్వే చదివి, నువ్వే జవాబు రాయి.

అక్క